పదకొండు మందికి ఒకే కోటు

ఏప్రిల్ 24, 2024

ఇంటర్ ఫలితాలు వచ్చినయి. భాగ్యకు ఎనిమిది వందల డెబ్బై ఆరు. మార్కులు మేము రెండోసారి చూసుకోకముందే మొదటి ఫోన్ వచ్చింది. "కంగ్రాట్యులేషన్స్ అంకుల్!" ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. పొద్దుగూకేవరకు పద్నాలుగు కాలేజీలు ఫోన్ చేసినయి. భాగ్య వాళ్ల అమ్మ స్వర్ణ పోయినప్పుడు కూడా ఇన్ని ఫోన్లు రాలేదు.

పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా అమ్మాయికి ఏమిష్టమని అడగలేదు. నేనూ అడగలేదు. అన్నం తినేటప్పుడు తనే చెప్పింది.

"మీడియా ఆర్ట్స్ జేస్త బాపు."

"అంటే?"

"ఫోటోగ్రఫీ, ఎడిటింగ్, డిజైన్, యానిమేషన్. నాలుగేండ్లు."

"జీతం ఎంతొస్తది?"

"ఇంక చేరనే లేదు గద."

"చేరకముందే అడగాలె."

పళ్లెం ఎత్తుకొని లోపలికి పోయింది. నా ప్రశ్నలో తప్పేమీ లేదు.

ఏప్రిల్ 26

రాములు వచ్చిండు. స్వర్ణ తమ్ముడు. ఈసారి కౌన్సిలర్‌గా నిలబడాలని చూస్తున్నడు. అందుకే ఎవరింటికి పోయినా చేతులు జోడించుకొనే లోపలికి వస్తున్నడు. మా ఇంటికి కూడా అట్లనే వచ్చిండు.

"ఫోటోలు దిగుడుకు డిగ్రీ ఎందుకు బావా? ఫోన్ల ఒత్తితె వస్తది. గీడనే జడ్చర్లల బీఎస్సీ జేపిచ్చి మీ కంపెనీల పెట్టు."

"నీ ఫోటోలు ఎవరు తీస్తరు మామా?" అన్నది భాగ్య.

"మన పోరగాండ్లే."

"అందుకే అన్నిట్ల కండ్లు మూసుకొని ఉంటవు."

నవ్వొచ్చింది. ఆపుకున్న. బీఎస్సీ మాట మాత్రం బాగున్నది. కాలేజీ ఇంటికి రెండు కిలోమీటర్లు.

ఏప్రిల్ 29

ఒక కాలేజీ లాప్‌టాప్ ఉచితం అన్నది. ఒకటి బ్యాగు. ఒకటి సింగపూర్ యాత్ర. ఎవరూ పాఠాలు ఉచితమనలేదు.

ఒక పద్ధతి లేకుంటే ఈ గోల తెగేటట్టు లేదు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఇరవై ఒక్క ఏండ్లుగా మందుల కంపెనీలో రికార్డులు సరిచూస్తున్న. ప్రతి పేజీ అడుగున రెండు గీతలుంటయి. చేసినవారు, సరిచూసినవారు. రెండోది నాది. మందు నేను చెయ్య. చేసినవాడు రాసింది నిజమా కాదా అని చూస్త. తప్పు పడితే చెరపగూడదు. ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, సంతకం, తేదీ. కింద ఉన్న తప్పు కూడా కనబడాలె.

ఇంకోటి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నేర్చుకున్న. అంకెలు మరీ అందంగా ఉన్నయంటే ఎవడో కుర్చీలో కూర్చొని రాసినట్టు. నిజమైన తూకం ఎప్పుడూ కొంచెం వంకరగనే ఉంటది.

భాగ్య చదువు కూడా ఇట్లనే తేలుస్త. మూడు అంకెలు చాలు. ఫీజు ఎంత, ఎంతమందికి పని దొరికింది, చేతికి ఎంత వస్తున్నది.

మే 4

ఇద్దరం హైదరాబాద్ పోయి వచ్చినం. చిత్రోదయ మీడియా స్కూల్. గేటు దగ్గర మా వంటగదంత కెమెరా బొమ్మ. లోపలి చలికి మా కంపెనీలో మందులు దాచే గది గుర్తొచ్చింది. కాఫీ ఇచ్చిండ్రు. దానిమీద నురుగుతో పువ్వు వేసిండ్రు. ఆ పువ్వు ఖర్చు ఫీజులో ఎక్కడో ఉంటది.

కౌన్సెలర్ పేరు శైలజ. మమ్మల్ని చూసి ఎంత సంతోషించిందంటే, వెనక ఎవరన్న వస్తున్నరేమోనని తిరిగి చూసిన.

"మీ డ్రీమ్ ఏంటి భాగ్యా?"

"ఫోటోలు మేడం. మనుషులు పని జేసుకుంటుంటె తీసేటియి."

"సూపర్! అది మా సిలబస్‌లోనే ఉంది."

మేకలు కాస్తనన్నా సిలబస్‌లో ఉండేటట్టున్నది.

"ఫీజు ఎంతమ్మా?" అన్న.

"ఫీజు అనకండి అంకుల్. ఇన్వెస్ట్‌మెంట్."

"సరే. ఇన్వెస్ట్‌మెంట్ ఎంత?"

"ఏడాదికి మూడు లక్షల పదివేలు. ఈ వారం కడితే మీకోసం ఇరవై వేలు తగ్గిస్తాం."

"వచ్చే వారం కడితే?"

"వచ్చే వారం మీరే బాధపడతారు."

"చదివి బయటికొచ్చినోళ్లకు జీతం ఎట్లున్నది?"

"హయ్యెస్ట్ ప్యాకేజీ పన్నెండు లక్షలు!"

"అన్నిటికంటే తక్కువ?"

ఆమెకు అర్థం కాలేదు. "అందరూ హయ్యెస్టే అడుగుతారు అంకుల్" అని నవ్వి, పెండ్లి ఆల్బమ్ అంత బ్రోచర్ చేతిలో పెట్టింది. తర్వాత గొంతు మెత్తగా చేసుకొని, "మేడం గారు రాలేదా? ఇలాంటి డెసిషన్ ఇద్దరూ కలిసి తీసుకుంటే బాగుంటుంది" అన్నది.

భాగ్య నా దిక్కు చూసింది.

"ఆమె రాదు" అన్న.

మే 5

ఎండ. బ్రోచర్ తెరవలేదు.

మే 7

తెరిచిన. మధ్య పేజీలో ఉద్యోగాలొచ్చిన పదకొండు మంది. ఫోటో, పేరు, ప్యాకేజీ. ప్రతి ప్యాకేజీ చక్కగా సున్నాలతో ముగిసింది. అక్కడ మొదలైంది అనుమానం.

తర్వాత బట్టలు చూసిన. అందరికీ నల్ల కోటు, నీలం టై. కాలేజీ ఇచ్చిన బట్టలు కావచ్చు. భూతద్దం తెచ్చుకున్న. టై ముడి కింద ఎడమ దిక్కు ఒక మడత. పదకొండు టైల మీద అదే మడత. జేబులో పెన్ను, ఆ పెన్ను మీద అదే మెరుపు. తొమ్మిదో బొమ్మ ఆడపిల్లది. ఆమెకూ మగవాళ్ల కోటే. ఏడోవాడి మెడ ఒక రంగు, మొఖం ఒక రంగు.

తలకాయలు పదకొండు. ఒళ్లు ఒకటే.

చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది.

మే 8

రుజువు లేకుండా తప్పు రాయగూడదు. డ్యూటీ దిగి విజేందర్ దుకాణానికి పోయిన. బస్టాండ్ ఎదురుగా, మీసేవ పక్కన. ఫ్లెక్సీలు, పెండ్లి వీడియోలు, పోయినవాళ్ల ఫోటోలు. భాగ్య సెలవుల్లో అక్కడనే కంప్యూటర్ పని నేర్చుకుంటున్నది. నేను పోయేసరికి ఇంటికి వెళ్లిపోయింది. మంచిదే అయింది.

విజేందర్ బ్రోచర్ చూసి కుర్చీలో వెనక్కి పడి నవ్విండు.

"అరె సార్, గీ కోటు నా కాడ గూడ ఉన్నది! ఇగో, జూడుండ్రి." తెరమీద తలలేని కోటు వచ్చింది. అదే మడత, అదే పెన్ను. "మెడ కాడ తలకాయ అతికిచ్చుడే. అయిదు నిమిషాల పని. ఉద్యోగాలకు అప్లై జేసే పోరగాండ్లు రోజు వస్తరు. కోటుకు యాభై రూపాయలు."

"ఈ బ్రోచర్ నువ్వు చేసిందేనా?"

"ఛ! నేనైతె మెడ రంగు కలిపేటోన్ని. గీ ఏడోవాని తలకాయ జూడుండ్రి, వేరే ఊరి నుంచి బస్సెక్కి వచ్చినట్టున్నది."

కోటు మూసిండు. దాని పక్కన ఉన్నది తెరుచుకున్నది. చీరలు. తలలేని ఆడవాళ్లు వరుసగా కూర్చొని ఉన్నరు. మూడో వరుసలో ఆకుపచ్చ పట్టు, ఎర్రంచు, రెండు పేటల చంద్రహారం.

విజేందర్ గబగబ మూసేసిండు. "సార్... గది..."

"ఏం కాదు. కోటుకు యాభై అన్నవు. చీరకెంత?"

"మీ కాడ తీసుకోలేదు సార్ నేను."

పోయిన జూలై సంగతి. దినానికి ఫోటో కావాలన్నరు. స్వర్ణ ఒక్కతే నిలబడ్డ ఫోటో ఒకటే దొరికింది. అంగన్‌వాడీలో, టీచర్ల యూనిఫాం చీరలో. "గా చీరతోని గోడకు పెడితె ఏం బాగుంటది బావా, నలుగురొస్తరు" అన్నడు రాములు. నేను సరే అన్న. విజేందర్ ఇరవై చీరలు చూపించి "ఏది కట్టాలె సార్" అన్నడు. నేను సరిగ్గా చూడకుండానే ఆ ఆకుపచ్చదాని మీద వేలు పెట్టిన. ఇరవై ఏండ్ల కాపురంలో ఆమెకు చీర నేను ఎంపిక చేసింది అదొక్కసారే. ఆమె కట్టుకోలేదు.

దినం నాడు అంగన్‌వాడీ ఆయా పుష్పమ్మ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డది. "మా టీచరమ్మ ఫోటో ఏది సార్?" అన్నది.

ఇదంతా ఈ రోజు రాయాల్సిన అవసరం లేదు. కోటు సంగతి తేలింది. అది చాలు.

మే 9

భాగ్య ముందు బ్రోచర్, భూతద్దం పెట్టిన. మడత చూపించిన, పెన్ను చూపించిన, మెడ చూపించిన.

"చూసినవా? గిది మీ మీడియా ఆర్ట్స్. అన్ని దొంగ కోట్లు."

పదకొండు బొమ్మలూ ఓపికగా చూసింది. భూతద్దం నా చేతిలో పెట్టి గోడ దిక్కు చూపించింది.

"గది గూడ జూడు బాపు."

"అది వేరు."

"ఏం వేరు? వాళ్లు కోటు తొడిగిండ్రు. మీరు చీర గట్టిండ్రు. ఆ ఫోటో తీసింది నేను. నేను తీసిన మొదటి ఫోటో. తల కోసేటప్పుడు నన్ను అడిగినవా?"

"నలుగురొస్తరని..."

"వచ్చిన నలుగురికి అమ్మ ఎట్లుంటదో ఎరుకే గద."

మే 10

డ్యూటీ. రాయడానికి ఏమీ లేదు.

మే 11

డ్యూటీ.

మే 14

భాగ్యనే మళ్లీ మాట కలిపింది. చిత్రోదయ తనకు మొదట్నించి నచ్చలేదట. "నువ్వు పోదాం పట్టు అన్నవని వచ్చిన." హైదరాబాదులోనే సర్కారు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉన్నది. పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలె. చిత్రోదయలో ఒక్క ఏడాది ఫీజుకు అక్కడ నాలుగేండ్లు అయిపోతయి. అప్లికేషన్‌కు జూన్ 5 ఆఖరు. అన్నీ తను నింపింది. ఆదాయం సర్టిఫికెట్ ఒకటి కావాలె, దానికి నేను మీసేవకు పోయి సంతకం పెట్టాలె.

రేపో ఎల్లుండో పోత అన్న.

మే 16

మీసేవ. సర్వర్ లేదు.

మే 20

సర్వర్ లేదు.

మే 23

సర్వర్ లేదట. భాగ్యకు చెప్పిన. నమ్మినట్టున్నది.

మే 25

సెలవు పెట్టి ఒక్కణ్ణే ఆ సర్కారు కాలేజీకి పోయిన. తప్పు పట్టుకుందామనే పోయిన. కాఫీ లేదు, పువ్వు లేదు, నన్ను చూసి సంతోషించినోళ్లు లేరు. చెట్టుకింద ఒక పిల్లగాడు మట్టితో తలకాయ చేస్తున్నడు. పేరు గోపాల్, ఊరు అచ్చంపేట, ఆఖరి ఏడాది. అంగీ నిండా రంగు మరకలు, కాలర్ చినిగింది. ఆ అంగీ మాత్రం వాడిదే.

"మీ సీనియర్లకు జీతాలు ఎట్లున్నయి?" అని అడిగిన.

"నిజం జెప్పాల్నా అంకుల్, మా నాయినకు జెప్పింది జెప్పాల్నా?"

"నిజం."

"పోయినేడు పందొమ్మిది మంది బయటికొచ్చిండ్రు. ఏడుగురికి నౌకరి. అందుల ఒక అక్కకు గేమ్ కంపెనీల యాభై ఎనిమిది వేలు. మా రూమ్మేటుకు పదిహేడు వేల నాలుగు వందలు. అన్నం మా కాడనే తింటడు. ఇద్దరు పెండ్లి వీడియోలు మిక్సింగ్ జేస్తరు, సీజన్ల వాళ్లే షావుకార్లు. నలుగురు మళ్ల ఏందో సదువుతున్నరు. ఆరుగురు ఫోన్ ఎత్తరు."

కూడి చూసిన. పందొమ్మిది. సరిపోయింది.

"మరి నువ్వెందుకు చేరినవు?"

"మేకలు గాసి జూసిన అంకుల్. గది గూడ నాకు రాలే."

అన్నీ వికారమైన అంకెలు. ఒక్కదాంట్లో కూడా వేలు పెట్టడానికి సందు లేదు. కోపం వచ్చింది. తిరుగు బస్సులో సీటు ఖాళీ ఉన్నా షాద్‌నగర్ దాకా నిలబడే వచ్చిన.

మే 28

సర్వర్ లేదు.

ఇంట్లోకి రాంగనే భాగ్య అడిగింది. "ఇయ్యాలన్న వచ్చిందా బాపు, సర్వర్?"

"రాలే."

"విజేందరన్న దుకాణం మీసేవ పక్కనే గద. నెల సంది పొద్దంత నేను గాడనే కూసుంటున్న."

అంతే అని బియ్యం కడగడానికి పోయింది.

మే 29

మే 16, 20, 23, 28 తేదీల కింద రాసింది తప్పు. ఒక్కో గీత కొట్టిన. సరైనది ఇది. సర్వర్ ఉన్నది. ఆ నాలుగు రోజులు నేను మీసేవ మెట్లు ఎక్కలేదు. బస్టాండ్‌లో కూర్చొని, చాయ్ తాగి, ఇంటికి వచ్చిన.

కారణం జీతం కాదు. ఇద్దరికి బియ్యం ఎన్ని పొయ్యాల్నో నాకు తెలుసు. ఒక్కనికి తెలియదు.

ఏప్రిల్ 24 నాటి చివరి వాక్యం, నా ప్రశ్నలో తప్పేమీ లేదన్నది, అది కూడా తప్పే.

రాంచందర్, 29-5-2024.

మే 30

మీసేవ. పది నిమిషాల పని.

మే 31

శైలజ ఫోన్.

"ఇంకా డెసిషన్ తీసుకోలేదా అంకుల్?"

"తీసుకున్నమమ్మా. మీ కాడ కాదు."

"అయ్యో, ఎందుకు? ప్లేస్‌మెంట్స్ చూశారు కదా!"

"చూసిన. ఏడో అబ్బాయిని మెడ ఒకసారి దవాఖానల చూపించుకొమ్మనుండ్రి."

"మెడకి ఏమైంది అంకుల్?"

"తలకు అతకలేదు."

తర్వాత చిన్న గొంతుతో, "నేను కూడా ఇక్కడే చదివాను అంకుల్" అన్నది. ఆమె బొమ్మ ఆ పదకొండు మందిలో లేదు. ఏమనాలో తెలియక, మంచిదమ్మా అని పెట్టేసిన.

జూన్ 4

సర్టిఫికెట్ వచ్చింది. అప్లికేషన్ పోయింది. ఒక్క రోజు మిగిలింది.

జూన్ 16

పరీక్ష. మూడు గంటలు బయట గోడ నీడకు కూర్చున్న. బస్టాండ్‌లో ఎదురుచూసే మనిషిని గీయమన్నరట.

"ఎవర్ని గీసినవు?"

"మీసేవకు పోనోన్ని."

షాద్‌నగర్‌లో బస్సు ఆగితే జామపండ్లు కొన్న. పెద్దది నాకిచ్చింది.

జూన్ 25

రాములు చేతులు జోడించుకొని వచ్చిండు. జూలై 2న స్వర్ణ మొదటి వర్ధంతి. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టిస్తడట. నమూనా ఫోన్‌లో చూపించిండు. తెల్లంగీలో రాములు నిలువెత్తున. పైన నాయకులు ఆరుగురు. కింద మూలకు స్వర్ణ, తపాలా బిళ్లంత, ఆకుపచ్చ చీరలో.

"ఎవరిది మామా వర్ధంతి?" అన్నది భాగ్య.

"నివాళి ఇచ్చేటోడు గూడ కనబడాలె గద బిడ్డా."

ఫోన్ బొమ్మలో రాములు అంగీ మీద నా కన్ను పడ్డది. ఇస్త్రీ మడత సూది లెక్క ఉన్నది. అంత తెల్లంగీ రాములుకు లేదు. విజేందర్ దగ్గర అంగీల వరుస కూడా ఉండి ఉంటది.

"డిజైన్ నేను జేస్త మామా. నీకు పైసలు మిగులుతయి."

రాములు చాలా సంతోషపడ్డడు.

జూన్ 28

సీటు వచ్చింది.

కోడికూర వండిన. ఉప్పెక్కువైంది. అయినా భాగ్య మొత్తం తిన్నది.

జూలై 2

పొద్దున పాలకు పోయి చౌరస్తాలో నిలబడిపోయిన.

స్వర్ణ పన్నెండు అడుగుల ఎత్తున ఉన్నది. యూనిఫాం చీరలో. ఎడమ చేతిలో గుడ్ల అట్ట. పోయినేడు మేము కోసి పారేసింది ఈ చెయ్యినే. కొంగు అంచును ఒక చిన్న చెయ్యి పట్టుకొని ఉన్నది, పిల్లగాడు కనబడడు. నాయకులు లేరు. కింద మూలకు రాములు, తపాలా బిళ్లంత. కండ్లు మూసుకొని.

అసలు రాములు ఉరికివచ్చిండు. చేతులు జోడించడం మరిచిపోయిండు.

"ఏంది బావా గిది! అక్కకు యూనిఫాం చీర పెడితిరి, నన్నేమో గట్ల పెడితిరి. నలుగురు నవ్వరా?"

"రాములూ, మొన్నటి ఫ్లెక్సీల నీకు తెల్లంగీ ఎక్కడిది?"

రాములు ఫ్లెక్సీ కట్టి దిగిన విజేందర్ దిక్కు చూసిండు. విజేందర్ నిచ్చెన మడుచుకునే పనిలో పడ్డడు.

పదకొండు గంటలకు పుష్పమ్మ ఇంటికి వచ్చింది. గోడకు ఆకుపచ్చ చీర లేదు. భాగ్య కొత్త ఫ్రేము పెట్టింది, ఎక్కడా కొయ్యని ఫోటో. పుష్పమ్మ దగ్గరికి పోయి వేలితో చూపించింది.

"గీ భుజం కాడి పిన్ను నేనే పెట్టిన సార్. కొంగు జారుతాందని ఒకటే తిట్టుకునేది. గీ చెయ్యి మల్లేశ్ కొడుకుది. కొంగు ఇడిసి పెట్టకపోయేటోడు. ఇప్పుడు ఒకటో తరగతి."

కూర్చొని చాయ్ తాగి, పోయేముందు ఇంకోసారి చూసి పోయింది. ఈసారి టీచరమ్మ ఫోటో ఏదీ అని అడగలేదు.

అందరూ వెళ్లినంక ఫ్రేము దించి, భూతద్దం పెట్టి చూసిన. మెడ రంగు, మొఖం రంగు ఒకటే. కుచ్చిళ్ల మీద గుడ్డు సొన మరక. మెడలో నల్లపూసలు, ఇంకేమీ లేదు. నవ్వు కొంచెం ఎడమకు వంకర. అది మరిచిపోయిన.

భాగ్య గడపలో నిలబడి చూస్తున్నది. "ఏమన్న తప్పున్నదా బాపు?"

ఫ్రేము తిప్పి, వెనక అట్టమీద రెండు గీతలు గీసి, పెన్ను ముందు తనకిచ్చిన.

చేసినవారు: భాగ్యశ్రీ.

సరిచూసినవారు: రాంచందర్, 2-7-2024.